కార్నివాల్ మంగళవారం నాటి పాఠం

లిస్బన్
12 జనవరి 2009

అబీలియో మాస్టారికి నమస్కారం.

ఇవాళ ఉదయం పది గంటలకి విశ్వవిద్యాలయం నా దరఖాస్తు ఒప్పుకుంది. జూన్ నెలాఖరులో అగ్రెగసావ్ పరీక్ష. ప్రొఫెసరు కుర్చీకి ముందున్న చివరి గడప అది. రెండు రోజులు, అయిదుగురు పెద్దలు, తలుపులు బార్లా తెరిచి అందరి ఎదుటా అడుగుతారు. రెండో రోజు ఒక పాఠం చెప్పాలి. దానికి భయం లేదు. మొదటి రోజు నా ఉద్యోగ జీవితాన్ని తొలి కొలువు నుంచి వరసగా ముందు పెట్టుకుని ప్రశ్నలు వేస్తారు. భయమల్లా దానికే.

1979 నుంచి 1986 దాకా ఏం చేశానో కాగితం చూపించమన్నారు. దరఖాస్తులో ఆ ఏడేళ్లకి "ప్రాథమిక స్థాయిలో బోధన" అని ఒక్క ముక్క రాశాను. ఉర్జైరా ఊళ్లో టీవీలో వచ్చే పాఠం చూపించి పిల్లల్ని చదివించే టీవీ బడి మోనిటర్ అని రాయలేదు. మీకు దాచడం దేనికి, ఇక్కడ ఆన్‌లైన్ చదువుల మీద పరిశోధన చేసేవాళ్లలో సగం మంది బయటి దేశాల్లో డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లు. టీవీ బడి మాటెత్తితే "స్విచ్చి నొక్కేవాళ్లు" అని నవ్వుతారు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను.

మీ నుంచి రెండు కావాలి. ఒకటి, నాతో కలిసి పనిచేసినట్టు మీ సంతకంతో ధ్రువపత్రం. రెండు, 1982–83 మన బడి దినచర్య పుస్తకం నకలు. బడి మూతపడ్డప్పుడు ఆ పుస్తకాలు మీ ఇంటికి తీసుకెళ్లారని గుర్తు. 1996లో నేను రాసిన వ్యాసంలో వాడుకున్నది ఆ ఏడాది లెక్కలే. అప్పుడు జిల్లా కార్యాలయం సాలుసరి పట్టికలు చూసి రాశాను, దినచర్య పుస్తకాలు తెరవలేదు. ఇప్పుడు జతచేస్తే బాగుంటుంది.

ఫోన్లో అడుగుదామనుకున్నాను. మీ కుడి చెవి సంగతి గుర్తొచ్చి ఆగాను.

మీ
ఇల్డా

*

ఉర్జైరా
25 జనవరి 2009

ఇల్డా,

తెర మీద చదువులు చెప్పించే దానివి, నాకు తపాలా బిళ్ల అంటించి పంపావు. పోస్టుమాన్ రెండుసార్లు తిప్పి చూశాడు. "లిస్బన్ నుంచి మీకెవరున్నారు?" అన్నాడు. "స్విచ్చి నొక్కే అమ్మాయి" అన్నాను.

ధ్రువపత్రం జతచేశాను. పంచాయతీ ముద్ర కూడా వేయించాను. నువ్వు అక్షరాల వైపు, నేను లెక్కలు, సైన్సు వైపు, పంతొమ్మిది మంది పిల్లలు, ఒక నలుపు తెలుపు టీవీ. ఇదంతా రాశాను. నన్ను మాత్రం మాస్టారని రాయలేదు, ఎందుకంటే కాను. మోనిటర్‌ని. అంతకుముందు పదకొండేళ్లు సరిహద్దు కాపలాలో జవానుని. స్పెయిన్ వైపు కాఫీ మూటలు మోసుకెళ్లేవాళ్లని పట్టుకోవడం నా పని, పట్టుకోకపోవడం నా అలవాటు.

1982–83 పుస్తకం ఎలకలు కొట్టేశాయి. బదులుగా 1980–81 నకలు పంపుతున్నాను. అదీ మంచి సంవత్సరమే.

గురువారం పందిని కోశాం. సాసేజీలు పొగకి వేలాడదీశాను. మోకాళ్లు సహకరించడం లేదు, పొగగూడుకి నిచ్చెన ఎక్కడానికి జెఫెరీనుని పిలవాల్సి వచ్చింది. గుర్తున్నాడా, రొట్టెల వ్యాను జెఫెరీను. పైకెక్కి "మాస్టారూ, పైన ఎలకల జాడే లేదే" అన్నాడు. వాడికి నోరెక్కువ.

అబీలియో

*

లిస్బన్
9 ఫిబ్రవరి 2009

మాస్టారికి,

ధ్రువపత్రం అందింది. ముద్ర చూసి కార్యాలయం గుమాస్తా లేచి నిలబడింది. మీకు ఋణపడి ఉన్నాను.

1980–81 పనికిరాదు. అడిగే అయిదుగురి పేర్లు తెలిశాయి. నా ఉద్యోగ చరిత్రని పరీక్షించేది కుయింబ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చే బల్తజార్ కింతెలా. ఆయన పట్టికల్ని చేత్తో మళ్లీ కూడి చూస్తాడని పేరు. నా వ్యాసంలో మొదటి పట్టిక గుర్తుందా? జిల్లాలో నలభై రెండు టీవీ బడులు. ప్రసారం ఎన్ని రోజులు అందింది, ఎంతమంది పాసయ్యారు. మొదటి వరస ఉర్జైరాది: ఒక్క రోజూ తప్పకుండా ప్రసారం అందింది, పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది పాసు. బొమ్మ సక్రమంగా అందితే మారుమూల పిల్లవాడూ పట్టణం పిల్లవాడితో సమానమవుతాడని నేను రాసిన మాటకి ఆ వరసే ఆధారం. ఆ మాట మీదే ఇరవై మంది తమ సిద్ధాంత వ్యాసాలు కట్టుకున్నారు. ఆ వరస వెనకున్న పుస్తకం కావాలి.

ఎలకలు ఎంత వదిలితే అంతే నకలు తీయండి.

ఇల్డా

*

ఉర్జైరా
22 ఫిబ్రవరి 2009

ఇల్డా,

ఎలకలు కొట్టలేదు. అబద్ధమాడాను. పుస్తకం బీరువాలోనే ఉంది. మొత్తం నకలు తీయించి పంపుతున్నాను, నూట అరవై నాలుగు పేజీలు. నకళ్ల కొట్టువాడు "ఇంత పాత టీవీ గొడవ ఎవరికి కావాలి" అన్నాడు.

ఎల్లుండి కార్నివాల్ పండగ. కుర్రాళ్లు ముసుగులు, గంటల పటకాలు దులుపుతున్నారు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి వైను పోస్తామన్నారు. ముసలాడికి దక్కేది అంతే.

అబీలియో

*

లిస్బన్
4 మార్చి 2009

మాస్టారికి,

పుస్తకం రెండుసార్లు చదివాను. ఒక ప్రశ్న.

1983 ఫిబ్రవరి 15, మంగళవారం. మీ చేతిరాతలో ఇలా ఉంది: "గణితం 52వ పాఠం. బొమ్మ బాగుంది. ధ్వని బాగుంది. హాజరు 19."

ఆ రోజు కార్నివాల్. దేశమంతా సెలవు. టీవీలో పాఠాలు రాలేదు. నేను పొరపడ్డానేమోనని ఆనాటి దినపత్రిక గ్రంథాలయంలో తెప్పించి చూశాను. ఆ మధ్యాహ్నం గుర్రాల ప్రదర్శన వేశారు.

ఇంకొకటి. నా ఓల్గా ఆ జనవరి 9న పుట్టింది. ప్రసూతి సెలవులో బ్రగాన్సాలో మా అమ్మ దగ్గర ఉన్నాను. కార్నివాల్‌కి మాత్రం మూడు రోజులు మా అత్తగారింటికి ఉర్జైరా వచ్చాను. ఆ మంగళవారం మధ్యాహ్నం ఎర్ర ముసుగువాడొకడు నడుముకి ఎనిమిది గంటలు కట్టుకుని మా కిటికీ కింద గంతులేశాడు. ముప్పై ఏడు రోజుల పిల్ల నిద్ర లేచి గంటసేపు ఏడ్చింది. మా అత్తగారు కిటికీ తెరిచి "అబీలియో, నీ గంటలు నీ మెడకే కడతా" అంది. మీరు ముసుగు తీసి క్షమించమన్నారు.

అంటే గంటలు కట్టుకుని వీధిలో ఉన్న మనిషి, అదే సమయానికి పుస్తకంలో గణితం చెబుతున్నాడు.

అంతకు ముందు నాలుగు వారాలు, ఆ వారంతో కలిపి తర్వాత అయిదు వారాలు సిరా రంగు ఒక్కటే. ప్రతి వారం అయిదు రోజులూ ఒకే విసురులో రాసినట్టుంది. మిగతా పుస్తకంలో అలా లేదు.

ఏం జరిగిందో రాయండి.

ఇల్డా

*

ఉర్జైరా
11 మార్చి 2009

ఇల్డా,

1983 జనవరి 17 సోమవారం నుంచి మార్చి 20 దాకా మన బడిలో టీవీ పనిచేయలేదు. తొమ్మిది వారాలు.

ఆ ఆదివారం మంచు బరువుకి యాంటెన్నా గడ విరిగి కరెంటు తీగ మీద పడింది. సోమవారం మధ్యాహ్నం స్విచ్చి వేస్తే లోపల చిటచిటలాడి కాలిన వాసన కొట్టింది. అంతే. బ్రగాన్సాలో రేడియోలు బాగుచేసే అతను చూసి, విడిభాగం పోర్టో నుంచి రావాలన్నాడు. ఎప్పటికొస్తుందంటే పైకి చూశాడు.

నీకు సర్క్యులర్ గుర్తుండాలి. వరసగా పదిహేను రోజులు ప్రసారం అందకపోతే ఆ ఏటికి బడి రద్దు. పిల్లలు పట్టణంలో చేరి మళ్లీ మొదటి నుంచి చదవాలి. పంతొమ్మిది మందిలో పదకొండు మంది ఆడపిల్లలు. ముప్పై కిలోమీటర్లు, బస్సు లేదు. ఏ తండ్రి పంపేవాడు? జుల్మీరా వాళ్ల నాన్న నాతో అననే అన్నాడు: "టీవీ పోతే పోనీండి మాస్టారూ, మా పిల్లకి మేకలున్నాయి."

నీ సెలవుకి బదులు మనిషిని పంపలేదు. నేనొక్కణ్ణే. పక్క ఊరు లొంబేలులో మన ఎర్మీనియా ఉండేది, అక్కడి మోనిటర్. ఆమెని అడిగాను. ప్రతి మధ్యాహ్నం వాళ్ల టీవీలో వచ్చిన పాఠం ఆమె నోటుబుక్కులో దించేది. మర్నాడు తెల్లారి జెఫెరీను రొట్టెల బుట్టలో పెట్టుకుని తెచ్చేవాడు. ఒక రోజు ఆలస్యంగా అదే పాఠం మన పిల్లలకి నేను చెప్పేవాణ్ణి. లెక్కలు బానే చెప్పాననుకుంటాను. అక్షరాల పాఠాలు నీ అంత రాలేదు. పద్యం చదివితే పిల్లలు నవ్వారు.

ఆదివారం పూజ అయ్యాక వచ్చే వారం పేజీలన్నీ ఒకేసారి నింపేవాణ్ణి. బొమ్మ బాగుంది, ధ్వని బాగుంది. అలా నలభై అయిదు సార్లు. కార్నివాల్ వారం కూడా ఆదివారమే నింపేశాను, కలం దాని పాటికి అది పోయింది. కాగితం మీద అంతా సవ్యమని రాయడం నాకు సరిహద్దులో అబ్బిన విద్య. అక్కడ పదకొండేళ్లు "రాత్రి ఎవరూ దాటలేదు" అని రాశాను.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పొద్దున్నే. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. మధ్యాహ్నం దాకా ఉంటాడేమోనని గడియారం చూస్తూ నిలబడ్డాను. జుల్మీరాని లేపి అడిగాడు: "నిన్న టీవీలో సైన్సు టీచరమ్మ ఏ రంగు గౌను వేసుకుంది?" అది తొణకలేదు. "మాది నలుపు తెలుపు టీవీ కదండీ, రంగు నేనెలా చెప్పను?" అంది. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు పిల్లలకి చాక్లెట్లు కొన్నాను.

నువ్వు ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి టీవీ బాగైంది. ఊళ్లో అందరూ నీకు తెలుసనే అనుకున్నారు. తెలియదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు, ఇన్‌స్పెక్టరు అడిగితే నీ మొహం దాచలేదని చెప్పలేదు. తర్వాత, చెప్పేదేముందిలే అని చెప్పలేదు. 1996లో నీ వ్యాసం పంపావు. మొదటి పేజీలో నాకని రాసి సంతకం చేశావు. పట్టికలో మొదటి వరస చూశాను. ఆ రోజే నీకు రాయాలి. రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. నువ్వు పైకెళుతున్నావు, ఒక్క వరసేగా అనుకున్నాను.

కావాలంటే పుస్తకం పొయ్యిలో పెడతాను. ఎలకల కథే ఖాయం చేస్తాను. అడిగితే ఎవరి ముందైనా అదే చెబుతాను. కానీ ఒక మాట, కోప్పడకు. నేను నలభై అయిదు సార్లు లేనిది రాశాను. ఆ మొదటి వరస నీ సొంత బడి అని వ్యాసంలో నువ్వెక్కడా రాయలేదు. అది కూడా చూశాను.

అబీలియో

*

ఉర్జైరా
19 ఏప్రిల్ 2009

ఇల్డా,

అయిదు వారాలైంది. ఈస్టరు వెళ్లిపోయింది.

మంగళవారం నువ్వు బ్రగాన్సా జిల్లా దస్తావేజుల భవనంలో ఉన్నావని జెఫెరీను చెప్పాడు. మెట్ల మీద చూశాడట. "పలకరించావా?" అంటే, "చేతిలో కట్ట, మొహం గంటు పెట్టుకుని ఉంది, రొట్టె కూడా ఇవ్వబుద్ధి కాలేదు" అన్నాడు. రెండు రోజులున్నావట.

ముప్పై కిలోమీటర్లు రాలేకపోయావు. తప్పు పట్టడం లేదు. ఇప్పుడు బస్సు కూడా ఉందని చెబుతున్నాను, అంతే.

పుస్తకం ఇంకా పొయ్యిలో పెట్టలేదు. నువ్వు చెప్పలేదు కనక.

అబీలియో

*

లిస్బన్
3 మే 2009

మాస్టారికి,

పుస్తకం పొయ్యిలో పెట్టకండి. ఇనప్పెట్టె ఉంటే దాంట్లో పెట్టండి.

మార్చిలో మీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడూ పోస్టు చేయదగ్గవి కావు. బ్రగాన్సాలో మీ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చూశాను, ఎక్కలేదు. మిమ్మల్ని చూస్తే ముందు అరుస్తానో ఏడుస్తానో నాకే తేలలేదు. అంతకంటే పెద్ద కారణం, మీ మార్చి ఉత్తరం చివరి రెండు వాక్యాలకి నా దగ్గర జవాబు లేకపోవడం. ఇప్పుడు ఉంది.

దస్తావేజుల్లో ఏం చేశానో చెబుతాను. మనది కాక ఆ జిల్లాలో నలభై ఒక్క టీవీ బడులు. 1983 దినచర్య పుస్తకాలు ముప్పై ఎనిమిదింటివి దొరికాయి. ప్రతి పుస్తకంలో ఒకే ఒక్క పేజీ తెరిచాను, ఫిబ్రవరి 15. పదకొండు పుస్తకాల్లో ఆ రోజు పాఠం జరిగింది. బొమ్మ బాగుంది. ఒకచోట "ధ్వని చాలా బాగుంది" అని కూడా ఉంది.

మీతో కలిపి పన్నెండు.

కార్నివాల్ రోజు పాఠం రాసినంత మాత్రాన టీవీ చెడిపోయిందని కాదు. తెర చూడకుండా పుస్తకం నింపారని మాత్రమే తేలుతుంది. కానీ అది చాలు. ప్రసారం అందిన రోజులు అని నేను పట్టికలో వేసిన అంకె నమ్మదగింది కాదు. నా 1996 నాటి మాటకి కాళ్లు లేవు. అయితే ఆ పదకొండు బడుల్లో నూటికి ఎనభై ఆరు మంది పాసయ్యారు. మిగతా ఇరవై ఏడింట్లో ఎనభై నాలుగు. పుస్తకం తప్పు, పిల్లల చదువు కాదు.

మరి పిల్లలకి చదువు ఎక్కణ్ణుంచి వచ్చింది? మోనిటర్ల నియామక పత్రాలు తీశాను. వాటిలో "పూర్వపు వృత్తి" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని ఇంతవరకు ఎవరూ లెక్కపెట్టలేదు. పన్నెండు బడులు, ఇరవై నాలుగు మంది. సెమినరీలో పాదిరీ చదువు మధ్యలో వదిలేసినవాళ్లు నలుగురు, కుట్టుపనివాళ్లు ముగ్గురు, ఒక మందులషాపు మనిషి, ఒక పోస్టుమాస్టరు, ఒక సరిహద్దు జవాను. ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఆపరేటరు. ఆ చివరి గడిలో నా చేతిరాత ఉంది, ఇరవై ఏళ్ల వయసు నాటిది.

ఆ గడిని కూడా లెక్కలో వేశాను. ఎక్స్‌ఛేంజిలో మూడేళ్లు నా పని తీగ కలపడం. తీగ కలిస్తే మాట చేరినట్టే. పరిశోధనలో కూడా అదే వెతికానేమో. బొమ్మ చేరిందా లేదా అన్నదే అడిగాను, ఇటువైపు ఎవరున్నారన్నది అడగలేదు.

చిరునామా దొరికిన పదహారు మందికి రాశాను. తొమ్మిది మంది జవాబిచ్చారు. ఆరుగురు టీవీ వారాల తరబడి పనిచేయలేదని ఒప్పుకున్నారు. ఇద్దరికి గుర్తులేదు. ఒకామె "టీవీ బాగానే ఉండేది, నాకే బద్ధకం" అని రాసింది. ఆమెకి ఎక్కువ మార్కులు వేశాను.

మా శాఖాధిపతికి చెప్పాను. ఆయన తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఇల్డా, ఎవరైనా అడిగారా?"

"లేదు."

"అడగనిదానికి నువ్వెందుకు జవాబు చెబుతావు? జూన్ దాటనీ. తర్వాత తీరిగ్గా దిద్దుకో."

"అడిగాక చెబితే అది సంజాయిషీ అవుతుంది."

"ఇప్పుడు చెబితే?"

"దిద్దుబాటు."

ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఫెయిలైతే మళ్లీ రెండేళ్లు ఆగాలి, తెలుసా?" అన్నాడు. తెలుసు.

ఏప్రిల్ 27న ఆ వ్యాసం వేసిన పత్రికకి దిద్దుబాటు పంపాను. ఉర్జైరా నా సొంత బడి అని, నేను దాన్ని చెప్పకుండా దాచానని అందులో మొదటి వాక్యం. 29న అయిదుగురు పరీక్షకులకీ అదే ప్రతి పంపాను, కొత్త ఉద్యోగ చరిత్రతో కలిపి. అందులో "ప్రాథమిక స్థాయిలో బోధన" కొట్టేశాను. 1976–79 టెలిఫోన్ ఆపరేటరు. 1979–86 టీవీ బడి మోనిటర్, ఉర్జైరా. మీ పేరు రాయలేదు. "సహోద్యోగి" అన్నాను. రాయొచ్చో లేదో మీరు చెప్పాలి.

మీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. జుల్మీరా జవాబు చదివినప్పుడు మాత్రం లేదు.

ఇల్డా

*

ఉర్జైరా
17 మే 2009

ఇల్డా,

నా పేరు రాయి. పూర్తిగా: అబీలియో దుష్ సాంతుష్ వెర్దియాల్. సహోద్యోగి అంటే ఎవరో పిరికివాడిలా ఉంది.

లొంబేలు వెళ్లాను. జెఫెరీను వ్యానులో, రొట్టెల వాసన మధ్య. ఎర్మీనియాకి ఎనభై రెండు. వృద్ధుల విశ్రాంతి గృహంలో ఉంది, పేకాటలో అందర్నీ ఓడిస్తోంది. నన్ను చూసి "ఎవరు?" అంది. చెప్పాను. "ముసుగు వేసుకుని రావాల్సింది, గుర్తుపట్టేదాన్ని" అంది.

నోటుబుక్కుల సంగతి అడిగాను.

"ఇరవై ఆరేళ్లకి గుర్తొచ్చాయా? తిరిగిస్తానని పట్టుకెళ్లావు. ఇచ్చావు కూడా. చివరి దాంట్లో వెన్న మరక ఉంది."

అది జెఫెరీను పని. వాడు పక్కనే నిలబడి పైకప్పు చూశాడు.

వాళ్లమ్మాయి ఇంట్లో అటక మీద ఉన్నాయి. ఆరు నోటుబుక్కులు, ప్రతి పేజీకీ తేదీ. ఫిబ్రవరి 15 పేజీ తెరిచాను. పైన తేదీ, కింద ఒక్క మాట: "సెలవు." ఆమె నాకంటే నిజాయితీపరురాలు. ఆ పేజీ చూస్తే నాకు సిగ్గేసింది, నీకు మాత్రం పనికొస్తుంది. పాఠాలు నిజంగా చెప్పామనడానికి నా పుస్తకం సాక్ష్యం కాదు, ఆమెవి సాక్ష్యం. జుల్మీరా దగ్గర ఆనాటి పిల్లల నోటుబుక్కు కూడా ఒకటుంది. ఆ పిల్ల ఇప్పుడు బ్రగాన్సా ఆసుపత్రిలో నర్సు. పోల్చి చూశాను. ఎర్మీనియా పాఠం మర్నాటి తేదీతో ఇందులో ఉంది, ఒక రోజు తేడాతో, వరసగా. కార్నివాల్ దగ్గర ఇద్దరికీ ఖాళీ.

నీ ఉత్తరంలో ఒక లెక్క తప్పు. నలుగురు సెమినరీవాళ్లు అన్నావు. అయిదుగురు ఉండాలి. నేను కూడా పద్నాలుగేళ్లప్పుడు ఏడాదిన్నర చదివి పారిపోయాను. నియామక పత్రంలో రాయలేదు. చూశావా, గడిలో రాయనిది నువ్వొక్కదానివే కాదు.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. పరీక్ష తలుపులు తెరిచి పెడతారన్నావు. ఎవరైనా రావచ్చా? వస్తే ఏం కట్టుకోవాలి?

అబీలియో

*

లిస్బన్
14 జూన్ 2009

అబీలియో మాస్టారికి,

ఎవరైనా రావచ్చు. నల్ల సూటు అక్కర్లేదు. పెళ్లికి వేసుకునేది చాలు. గంటలు మాత్రం తేకండి.

నోటుబుక్కుల నకళ్లు అందాయి. తేదీ తేదీకి పోల్చి ఒక పేజీ పట్టిక తయారుచేశాను. సెమినరీ అంకె అయిదుగా దిద్దాను, కింద మీ ఉత్తరం ఆధారమని రాశాను. పరీక్షకుల అధ్యక్షుడు దాన్ని అదనపు పత్రంగా స్వీకరించాడు. పత్రిక సెప్టెంబరు సంచికలో దిద్దుబాటు వేస్తానంది. నా వ్యాసం మీద సిద్ధాంతం కట్టుకున్న ఇరవై మందికీ రాశాను. ఏడుగురు కోప్పడ్డారు. ఇద్దరు తమ జిల్లాల్లో ఫిబ్రవరి 15 పేజీలు తీస్తామన్నారు. నడవాలో ఇప్పుడెవరూ నా ముందు స్విచ్చి మాట ఎత్తడం లేదు. ఒకాయన నిన్న కాఫీ దగ్గర, తను డిగ్రీకి ముందు నాలుగేళ్లు చేపల మార్కెట్లో వేలంపాట పాడేవాణ్ణని గొంతు తగ్గించి చెప్పాడు.

గెలుస్తానని చెప్పలేను. అయిదుగురూ ఒక్కొక్కరే లేచి, అవును కాదు చెప్పి, ఎందుకో కూడా చెప్పాలి. ముగ్గురు చాలు. ఇద్దరి మీద నాకు నమ్మకం ఉంది. కింతెలా నుంచి నిన్న ఒక వాక్యం వచ్చింది: "దిద్దుబాటు చదివాను. పట్టిక చేత్తో కూడాను. సరిపోయింది. దినచర్య పుస్తకం అసలు ప్రతి చూడాలి." అనుకూలమో కాదో తెలియదు. నకలు కాదు, అసలు అడిగారు.

కనక మీరు రావడమే కాదు, పుస్తకం తేవాలి. ఎర్మీనియా గారి నోటుబుక్కులు కూడా, వెన్న మరకతో సహా. చేతి సంచిలో పెట్టుకోండి, బస్సు డిక్కీలో వేయకండి.

రెండో రోజు పాఠం అంశం మార్చాను. "తెరకి ఇటువైపు: టీవీ బడి మోనిటర్ల పూర్వపు వృత్తులు." జుల్మీరా జవాబుతో మొదలుపెడతాను. ఆమెని అడిగాను, సరేనంది. ఆ వారం రాత్రి డ్యూటీలు, రాలేనంది.

జూన్ 29 సోమవారం ఉదయం ఆరుంబావుకి జెఫెరీను మిమ్మల్ని బ్రగాన్సాలో దింపుతాడు, మాట్లాడాను. ఏడింటికి లిస్బన్ బస్సు. మధ్యాహ్నం రెండున్నరకి ఓల్గా స్టేషన్‌లో ఉంటుంది. దానికిప్పుడు ఇరవై ఆరు, మిమ్మల్ని ఎడమవైపు నుంచి పలకరించమని చెప్పాను. రాత్రి మా ఇంట్లో కూరల పులుసు, మీరు తెచ్చే సాసేజీ.

30 మంగళవారం పది గంటలకి తలుపులు తెరుస్తారు. మీ కుర్చీ ముందు వరసలో, కుడివైపు చివర, అప్పుడు మీ ఎడమ చెవి బల్ల వైపు ఉంటుంది. పదీ పదికి నా ఉద్యోగ చరిత్ర తీస్తారు. మొదటి ప్రశ్న కింతెలాది. 1979 నుంచి మొదలుపెడతానని ముందే తెలియజేశారు.

ఇల్డా